పిరికివాడి మలుపు

మూడేళ్లుగా అటక మీద పడివున్న అన్నయ్య సైకిల్‌ను పిట్ట కిందికి దించడమూ, కొండ దిగే పోటీకి తన పేరు ఇచ్చి రావడమూ, అది తెలిసిన తండ్రి చేతిలోని పనిముట్టును నేలకేసి కొట్టి "ఈ ఇంట్లో ఒకడు కుంటుతున్నది చాలదా?" అని అరవడమూ పోయిన వారం చూశాం. సైకిల్ అయితే దిగింది కానీ దానికి బ్రేకు లేదు. ముందు లివరు నొక్కితే హ్యాండిల్‌కు అతుక్కుపోతోంది తప్ప చక్రాన్ని ఆపడం లేదు. పోటీ ఆదివారం. శుక్రవారం తనిఖీలో బ్రేకులు సరిగ్గా లేని సైకిళ్ల పేర్లు కొట్టేస్తారు.

పిట్టకు ఇరవై నాలుగేళ్లు. సన్నగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి పుట్టిన ఏడాదే ఆ పేరు పడింది. ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చేస్తుంది. కాగితాల దొంతరలు సరిచేసి, మడిచి, కుట్టి, జిగురు పూసి, అంచులు కోయించి, సాయంత్రానికి వేళ్లు కొయ్యముక్కల్లా చేసుకుని ఇంటికి వస్తుంది. పోటీ కరపత్రాలు కూడా ఆ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. వాటిని మడత పెట్టింది పిట్టే. లోపలి పేజీలో కొండదారి పటం ఉంది. దారిలో సగం దిగాక వచ్చే వంపు దగ్గర చిన్న అక్షరాలతో "పిరికివాడి మలుపు" అని ఉంది. ఐదువందల కరపత్రాలు మడిచింది. ఐదువందల సార్లు ఆ మాట ఆమె వేళ్ల కింద నుంచి పోయింది.

ఆ పిరికివాడు ఆమె అన్నయ్యే. మూడేళ్ల కిందట అందరికంటే ముందు దిగుతూ, ఆ మలుపు దగ్గర సైకిల్ వదిలేసి పక్కనున్న రాళ్లలోకి దూకేశాడు. మోకాలు ముక్కలైంది. భయపడి దూకాడని చూసినవాళ్లన్నారు. అన్నయ్య అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఊరుకున్నవాడి మీద ఊరు ఏ పేరైనా పెట్టుకుంటుంది.

సోమవారం నాలుగింటికి ప్రెస్సు వదలగానే పిట్ట ఆ సైకిల్‌ను నడిపించుకుంటూ పానా పిన్ని కొట్టుకు వెళ్లింది.

పానా పిన్ని అసలు ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. వీధి మొత్తానికి పిన్నే. అరవై దాటిన మనిషి, రెండు జేబుల నీలం అంగీ, జేబులో ఎప్పుడూ ఓ పానా. సైకిళ్ల గురించి ఆమె చెప్పిన మాటకు తిరుగులేదు. మనుషుల గురించి కూడా తిరుగులేదనే ఆమె అనుకుంటుంది.

సైకిల్‌ను చూడగానే పిన్ని చేతులు తుడుచుకోవడం ఆపేసింది.

"ఇది మీ అన్నది కదే?"

"అవును పిన్నీ. దీనికి బ్రేకులు కావాలి. నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు. మంచివి కావాలి, చవగ్గా కావాలి, ఇవాళే కావాలి."

"మూడూ ఒక్కచోట దొరికితే నేనే కొనుక్కునేదాన్ని" అంటూ పిన్ని అరలోంచి మూడు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు ఎక్కబోయేది కొండేనా?"

"కొండే."

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

"లేదు."

పిన్ని మొదటి పెట్టె విప్పింది. ఎర్రగా తళతళలాడుతున్న లివర్లు.

"ఇవి అన్నిటికంటే చవక. రంగు చూడు, పెళ్లికొడుకులా ఉంది. కానీ చేసినవాడెవడో తెలీదు. ప్యాడ్ అరిగిపోతే ఇంకో ప్యాడ్ ఎక్కడ దొరుకుతుందో వాడికీ తెలీదు."

"మరి కొట్లో ఎందుకు పెట్టుకున్నావు?"

"నీలాంటి వాళ్లకి చూపించి భయపెట్టడానికి."

పిట్ట చూపు అప్పటికే మూడో పెట్టె మీద ఉంది. నల్లటి లోహం, బరువైన బిగి. ఒక్కో చక్రానికి ప్యాడ్లను నొక్కే పిస్టన్లు నాలుగు. పోటీల్లో గెలిచినవాళ్ల సైకిళ్లకు ఉండేవి అవే. లివరు మీద వేలు వేసి మెల్లగా నొక్కింది. నెయ్యిలా జారి, సరిగ్గా కావలసిన చోట రాయిలా నిలబడింది.

"ఇవి ఇచ్చెయ్ పిన్నీ. ఉన్నది ఇప్పుడిస్తా, మిగతాది నెలనెలా తీరుస్తా."

"నువ్వెంత బరువుంటావు?"

"నలభై ఎనిమిది కిలోలు."

"తడిబట్టలతోనా?" పిన్ని పెట్టె మూత మూసేసింది. "ఇది ఎనభై, తొంభై కిలోల మనుషుల కోసం చేసింది. నువ్వు దీన్ని గట్టిగా నొక్కావంటే సైకిల్ ఆగుతుంది, నువ్వు మాత్రం ఆగవు. ముందుకెగిరి పోతావు. అక్కర్లేని దానికి అప్పు కూడా ఎందుకు?"

నడుమ పెట్టెలో మెరుపులేమీ లేవు. బూడిదరంగు లివరు, రెండు పిస్టన్లు. పిట్ట ముఖం చిన్నబోయింది.

"మూతి ముడవకు. ముందు పట్టుకుని చూడు."

పిట్ట పట్టుకుంది. లివరు ఆమె వేలికి దూరంగా ఉంది. పిన్ని చిన్న స్క్రూ తిప్పి దాన్ని దగ్గరికి జరిపింది. ఇప్పుడు ఒక్క వేలు చాలింది. మిగిలిన నాలుగు వేళ్లూ హ్యాండిల్‌ను వదలాల్సిన పనే లేదు.

"చూశావా? చేతికి అందని బ్రేకు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? దీనికి ప్యాడ్లు ఏ ఊళ్లో అడిగినా దొరుకుతాయి. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తా విను. ముందు చక్రానికి పెద్ద డిస్కు వేయించుకో. కొండ దిగుతున్నంతసేపూ బ్రేకు కాలిపోతూనే ఉంటుంది. చిన్న డిస్కు రేకైతే వేడికి చేతులెత్తేస్తుంది. పెద్దదైతే ఓర్చుకుంటుంది. ప్యాడ్లు లోహం కలిపినవి వెయ్యి. గీమని అరుస్తాయి, అరవనీ. కానీ లోహపు ప్యాడ్లకు పనికిరాని డిస్కులు కొన్ని ఉంటాయి, ఆ సంగతి రేకు మీదే రాసుంటుంది. కొనేముందు చదువుకోవాలి. చదవకుండా కొనేవాళ్లే ఎక్కువ."

"పిన్నీ, ఆ మలుపు దగ్గర నేను ఆగను. కానీ ఆగాలనుకుంటే ఆగగలగాలి. వీటితో అది అవుతుందా?"

పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. "అవుతుంది. మాట ఇస్తున్నా."

"అయితే ఇవే."

అంతటితో అయిపోవలసింది. డబ్బిచ్చి పిట్ట ఇంటిదారి పట్టేదే. కానీ పిన్నికి ఓ అలవాటుంది. పాత సామాను విప్పి చూడకుండా పారెయ్యదు. సైకిల్ నుంచి పాత బ్రేకులు ఊడదీసి, ముందు లివరును బల్ల మీద పట్టుకారులో బిగించి, మూత తీసింది. లోపల నుంచి చిన్న రబ్బరు రింగు ఒకటి సన్నటి శ్రావణంతో లాగింది. అది రానని మొండికేసింది. వచ్చాక చూస్తే ఉబ్బి, మెత్తబడి, జిగటగా ఉంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే నలిగిపోయింది.

పిన్ని నవ్వు ఆగిపోయింది. లివరు అడుగున మిగిలిన నాలుగు చుక్కల నూనెను వాసన చూసింది.

"గ్లాసుతో నీళ్లు పట్రా."

పిట్ట తెచ్చింది. పిన్ని తన అరలో ఉన్న సీసాలోంచి రెండు చుక్కలు నీళ్లలో వేసింది. అవి పైన తేలి చిన్న కళ్లలా నిలిచాయి.

"ఈ బ్రేకుల్లో పొయ్యాల్సింది ఇది. మినరల్ ఆయిల్. నీళ్లతో కలవదు. ఇప్పుడు చూడు." ఇంకో గ్లాసులో పాత లివరులోని నూనెను వంచింది. అది తేలలేదు. సన్నటి తీగలా కిందికి జారి, నీళ్లలో కలిసి మాయమైపోయింది. "ఇది సైకిల్ నూనె కాదే. కార్లకీ లారీలకీ బ్రేకుల్లో పోసేది. వాటికి అమృతం. వీటికి విషం. రబ్బరును ఉబ్బించి తినేస్తుంది. మొదటి రెండ్రోజులు ఏమీ తెలీదు, పైగా బ్రేకు గట్టిపడినట్టే ఉంటుంది. తర్వాత ఎప్పుడో, బాగా వేడెక్కినప్పుడు, నొక్కితే లోపల ఏమీ ఉండదు."

పిట్టకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

"పిన్నీ, అంటే అన్నయ్య..."

"మీ అన్న భయపడి దూకలేదు. బ్రేకు పోయింది కాబట్టి దూకాడు." పిన్ని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నా కొట్లో పోసింది కాదు. ఆ నూనె సీసా నా గడప తొక్కదు. ఎవరు పోశారో నీకేమైనా తెలుసా?"

తెలుసు. ఆ సాయంత్రం పిట్టకు ఇప్పుడే జరిగినట్టు కళ్ల ముందుకు వచ్చింది. పోటీకి వారం ముందు. అన్నయ్య పనికి పోయాడు. తండ్రి లారీలు బాగుచేసే తన షెడ్డులోంచి వస్తూ సైకిల్ లివరు నొక్కి చూశాడు. "మెత్తగా ఉందేమే, వీడు చూసుకోడు, నేను సరిచేస్తా ఉండు" అన్నాడు. కొడుకు గెలుస్తాడని ఆ రోజుల్లో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. సూదిలేని సిరంజితో నూనె ఎక్కిస్తూ "కదలనీకు, గట్టిగా పట్టుకో" అన్నాడు. సైకిల్‌ను కదలకుండా పట్టుకున్నది పిట్టే.

"తెలీదు" అంది.

పిన్ని నమ్మలేదు. నమ్మనట్టు కనబడనూ లేదు. కొత్త బ్రేకుల పెట్టె, పెద్ద డిస్కు, ఒక చిన్న పానాల కట్ట సంచిలో వేసి ఇచ్చింది. "నూనె ముందే పోసి ఉంది, బిగించడం మీ అన్నకి తెలుసు. వాడి చేత బిగించు" అంది.

ఇల్లు తండ్రి షెడ్డు పైనే. కింద లారీలు, పైన రెండు గదులు, వెనక రేకుల పంచ. పిట్ట సైకిల్‌ను మెట్ల మీదుగా పైకి తెచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ముగించుకుని అన్నయ్య అప్పుడే వచ్చి, పంచలో కాలు చాపుకుని కూర్చున్నాడు. సైకిల్‌ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మూడేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు.

"అన్నయ్యా, నీతో మాట్లాడాలి."

"సైకిల్ గురించైతే వద్దు."

"సైకిల్ గురించే. పానా పిన్ని ముందు బ్రేకు విప్పింది. లోపల రబ్బరు ఉబ్బిపోయి ఉంది. అందులో లారీ నూనె ఉంది. నువ్వు భయపడి దూకలేదు అన్నయ్యా! బ్రేకు పోయింది!"

అన్నయ్య లేచి గంతులేస్తాడనుకుంది. ఏడుస్తాడనుకుంది. కనీసం ఏమిటీ అని అడుగుతాడనుకుంది. అతను చాపిన కాలు కొంచెం దగ్గరికి లాక్కున్నాడంతే.

"మెల్లగా మాట్లాడు" అన్నాడు. "కింద నాన్నున్నాడు."

పిట్ట గొంతు తగ్గించింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మలుపుకు ముందు నుంచి." అతను సైకిల్ వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "పైన బాగానే పట్టింది. సగం దిగాక లివరు మెత్తబడింది. ఇంకోసారి నొక్కితే హ్యాండిల్‌కి తగిలింది. రెండుసార్లు పంపు కొట్టి చూశా. ఏమీ లేదు. వెనక బ్రేకు ఒక్కటే ఉంది, దాంతో ఆ వేగం ఆగదు. మలుపు బయటివైపు తాడు కట్టి జనాన్ని నిలబెట్టారు గుర్తుందా? ముందు వరసలో బడిపిల్లలు. తిరగలేకపోతే నేరుగా వాళ్లలోకే. లోపలివైపు రాళ్లున్నాయి. అందుకే అటు పడేశా సైకిల్‌ని, నేనూ అటే పడ్డా."

పిట్ట కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు? మూడేళ్లు! పటం మీద అచ్చేశారు అన్నయ్యా! నా చేతులతో మడిచాను వాటిని!"

"ఎవరికి చెప్పమంటావు? బ్రేకు పోయిందంటే ఎందుకు పోయిందంటారు. ఎవరు ముట్టుకున్నారంటారు. ఆసుపత్రిలో ఉండగా నా స్నేహితుడు వచ్చి లివరు దగ్గర నూనె కారుతోందిరా, వాసన వేరేగా ఉంది అన్నాడు. అప్పుడే తెలిసిపోయింది. సైకిల్‌ని అటకెక్కించమని వాడికే చెప్పా." అతను కింద షెడ్డు వైపు తల ఊపాడు. అక్కడ సుత్తి చప్పుడు లయగా వినబడుతోంది. "ఆ చప్పుడు వింటున్నావుగా? రోజుకు నాలుగు లారీలకి బ్రేకులు చేస్తాడాయన. ఆయన చెయ్యి మీద నమ్మకంతో వాళ్లు లోడుతో కొండలు దిగుతారు. కన్నకొడుకు కాలు తీసింది తనేనని తెలిస్తే ఆ చెయ్యి మళ్లీ పానా పట్టుకుంటుందా? పట్టుకున్నా వణక్కుండా ఉంటుందా?"

"ఆయన నీతో మాట్లాడటం మానేశాడు కదా! నా కొడుకు పిరికోడని నలుగురిలో తలదించుకుంటున్నాడు కదా!"

"తలదించుకుని బతకొచ్చు పిట్టా. అది తెలుసుకుని బతకలేడు."

పిట్టకు కోపం ఎవరి మీదో తెలియలేదు. తండ్రి మీదా, అన్నయ్య మీదా, ఆ సాయంత్రం సైకిల్‌ను కదలకుండా పట్టుకున్న తన చేతుల మీదా. అటూ ఇటూ నడిచింది. తర్వాత వచ్చి అన్నయ్య ఎదురుగా నేల మీద కూర్చుని, సంచిలోంచి పెట్టె తీసి అతని ఒళ్లో పెట్టింది.

"నువ్వు చెప్పొద్దనుకున్నావు, నీ ఇష్టం. నేనింకా ఏమీ అనుకోలేదు. కానీ ఆదివారం ఆ మలుపు నేను దిగుతాను. ఆ మలుపుకు ఇంకో పేరు పడేదాకా ఏటా దిగుతాను. ఈ బ్రేకులు నువ్వు బిగిస్తే దిగుతాను. నువ్వు బిగించకపోతే నేనే బిగించుకుని దిగుతాను. నాకు సరిగ్గా రాదని నీకూ తెలుసు."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

అన్నయ్య ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి మూత తీశాడు. లివరు బయటికి తీసి వేలితో నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

"రెండు పిస్టన్లేనా?"

"నా బరువుకు చాలట."

"చాలు." సంచిలోకి తొంగిచూశాడు. "పెద్ద డిస్కు తెచ్చావా? తెచ్చావులే. ఏయ్, రేకు మీద వేలు పెట్టకు! చేతి జిడ్డు అంటితే ప్యాడ్ పట్టదు. అంచు పట్టుకో, అంచు."

గోడ పట్టుకుని లేచి, కుంటుతూ సైకిల్ దగ్గరికి వెళ్లాడు. కాసేపట్లో పంచ నిండా అతని మాటలే. ఆ పానా ఇవ్వు, ఇది కాదు చిన్నది, చక్రం తిప్పు, ఆపు, మళ్లీ తిప్పు. మూడేళ్ల మాటలు ఒక్కసారిగా వస్తున్నాయి. బ్రేకు బిగించే మరలు కొంచెం వదులు చేసి, లివరు గట్టిగా పట్టుకోమని, పట్టుకుని ఉండగానే మరలు బిగించాడు. చక్రం తిప్పితే డిస్కు ఎక్కడా రాసుకోకుండా చప్పుడు లేకుండా తిరిగింది.

"కొత్త ప్యాడ్లు వెంటనే పట్టవు" అన్నాడు. "రేపు పొద్దున్న చదును రోడ్డు మీద ముప్ఫైసార్లు వేగంగా పోయి నెమ్మది చెయ్యి. పూర్తిగా ఆపొద్దు. అవి ఒకదానికొకటి అలవాటు పడాలి. నేనూ వస్తాలే చూడ్డానికి."

పిట్ట తల పైకెత్తింది. అతను సైకిల్ చూడ్డానికి వస్తానన్నాడు. తానేమన్నాడో అతనికీ అప్పుడే తట్టినట్టుంది, ముఖం దాచుకుని మరలు బిగించాడు.

కింద సుత్తి చప్పుడు ఆగి ఎంతసేపయిందో వాళ్లు గమనించలేదు.

మెట్ల మీద బరువైన అడుగులు. తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. నుదుట మసి, చంక కింద తుండుగుడ్డ. సైకిల్ వైపు చూశాడు, కొత్త బ్రేకుల వైపు చూశాడు, తర్వాత, మూడేళ్లలో మొదటిసారి, కొడుకు ముఖంలోకి నేరుగా చూశాడు.

"నువ్వేనా బిగించింది?"

అన్నయ్య పానా కింద పెట్టాడు. "అవును నాన్నా."

"బాగా బిగించావు." తండ్రి తుండుగుడ్డతో నుదుటి మసి తుడుచుకున్నాడు. పిట్ట వైపు తల ఎగరేశాడు. "ఇది మాట వినే రకం కాదు. ఎట్లాగూ ఎక్కుతుంది. ఎక్కేదేదో సరైన బండి ఎక్కనీ అనుకున్నా." అంటూ వెనక దాచిన చెయ్యి పిట్ట ముందుకు చాచాడు. ఆ చేతిలో సీలు తియ్యని నూనె డబ్బా ఉంది. "కొత్త బ్రేకులకి కూడా నూనె చూసుకోవాలి కదా. కొట్టువాళ్లు ఏది పడితే అది పోస్తారు. ఇది అసలైంది. నేను లారీలకి వాడేది. మీ అన్నకి ఆ రోజు పోసింది కూడా ఇదే. తే, నేనే పోస్తా."



అన్నయ్య ముందు తేరుకున్నాడు. నవ్వు తెచ్చుకున్నాడు. "ఇలా ఇవ్వు నాన్నా, నీకెందుకు శ్రమ, నేను పోసుకుంటాలే" అంటూ చెయ్యి చాచాడు. చాస్తూనే చెల్లెలి వైపు ఒక్క చూపు చూశాడు. వద్దు అని బతిమాలుతున్న చూపు.

పిట్ట లేచి నిలబడింది. అన్నయ్య కంటే ముందే ఆ డబ్బా అందుకుని నేల మీద పెట్టింది. మసి అంటిన ఆ పెద్ద చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అది వెచ్చగా, నిలకడగా ఉంది.

"నాన్నా" అంది, "ముందు ఇలా కూర్చో."